బడి పిల్లలకు సొంత ఫోన్: ఒక టెలిఫోన్ ఉద్యోగి అనుభవ పాఠాలు

రాయ్‌పూర్‌లో మన తెలుగువాళ్ల ఇంట ఏ శుభకార్యం జరిగినా, భోజనాల బంతిలో నా పక్కన కూర్చున్నవాళ్లు క్షేమసమాచారాలు అయ్యాక అడిగేది ఇదే: "మావయ్యగారూ, మీరు టెలిఫోన్స్‌లో చేశారు కదా, మావాడికి ఫోన్ కొనమంటారా, వద్దంటారా?" అడిగేవాళ్ల పిల్లలు నాలుగో తరగతో ఆరో తరగతో చదువుతుంటారు. ఒక్కోసారి ఒకటో తరగతి కూడా. సాంబారు వడ్డించేలోపు తేల్చి చెప్పే విషయం కాదు కనుక ఇక్కడ రాసి పెడుతున్నాను.

మా నాన్నగారు పార్వతీపురం నుంచి వచ్చి ఇక్కడి రైల్వే వ్యాగన్ రిపేర్ షాపులో చేరారు. విజయనగరం నుంచి రాయ్‌పూర్ దాకా రైలు మార్గం 1931లో పూర్తయ్యాక ఆ దారి పట్టుకుని వచ్చిన తెలుగు కుటుంబాలు ఎన్నో, వాటిలో మాదొకటి. నేను ట్రంక్ కాల్ బుక్ చేసి గంటల తరబడి కూర్చునే కాలంలో లైన్‌మన్‌గా చేరి, అరచేతిలో సినిమా చూసే కాలంలో రిటైరయ్యాను. ఫోన్ మీద నాకు ద్వేషం లేదు. నా ఇంట్లో పొయ్యి వెలిగింది దాని వల్లే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పదో తరగతి పూర్తయ్యేదాకా పిల్లలకు సొంత స్మార్ట్‌ఫోన్ వద్దు. ఇంట్లో ఉన్న ఫోన్ వాళ్లూ వాడుకోనివ్వండి, పెద్దవాళ్లు వాడుకున్నట్టే. ఒక వస్తువును వాడుకోవడం వేరు, అది నాదే అనుకుని దిండు కింద పెట్టుకోవడం వేరు. నేను చెప్పబోయేదంతా ఆ తేడా గురించే.

1. నంబరు ఎవరి పేరు మీద ఉందో బాధ్యత వాళ్లదే.

18 ఏళ్లు నిండనివాళ్లకు సిమ్ కార్డు ఇవ్వకూడదని టెలికాం శాఖ 2021 సెప్టెంబరులో స్పష్టంగా చెప్పింది. కాబట్టి పదేళ్ల పిల్లాడి చేతిలో ఉన్న నంబరు కాగితాల మీద అమ్మదో నాన్నదో అయి ఉంటుంది. ఆ నంబరు నుంచి ఎవరికైనా బెదిరింపు సందేశం వెళ్లినా, తోటి పిల్ల ఫొటో మార్చి పంచినా, పోలీసులు ముందు వెతికేది దరఖాస్తు మీద సంతకం చేసిన మనిషినే. 2023లో పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా 18 లోపు అందరినీ పిల్లలుగానే లెక్కపెట్టింది. వాళ్ల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంది. వాళ్ల కదలికలు గమనించి ప్రకటనలు చూపకూడదంది.

ఇంత ఆలోచించి ఒక వయసు పెడితే, ఇంట్లో మనం చేస్తున్నది ఏమిటి? ఇన్‌స్టాగ్రామ్‌లో ఖాతాకు 13 ఏళ్లు ఉండాలి. మూడో తరగతి పిల్ల కోసం అమ్మే పక్కన కూర్చుని పుట్టిన సంవత్సరం మార్చి నొక్కడం కళ్లారా చూశాను. ఆ పిల్ల డాన్సు వీడియో బాగానే వచ్చింది. దాంతోపాటు, కావలసింది దొరకాలంటే వయసు అబద్ధం చెప్పొచ్చని అమ్మ దగ్గరే నేర్చుకుంది. రేపు ఇంకో చోట 13 బదులు 18 అని నొక్కమంటే ఆ పిల్లకు సందేహం ఎందుకు వస్తుంది?

2. తాళం ఒక్కటే చాలదు. ఫోన్ ఎక్కడ ఉంటుందన్నది ముఖ్యం.

ఇది నా ఉద్యోగం నేర్పిన పాఠం, కాస్త నిదానంగా చెబుతాను. నల్లటి డయల్ ఫోన్లు ఉన్న రోజుల్లో డయల్ రంధ్రంలో బిగించే బుల్లి తాళం ఒకటి ఉండేది. అది బిగిస్తే డయల్ తిరగదు, వచ్చే కాల్ మాత్రం ఎత్తి మాట్లాడుకోవచ్చు. ఇంటాయన ఆఫీసుకు పోతూ తాళంచెవి జేబులో వేసుకుని వెళ్లేవాడు. అయినా బిల్లు ఎక్కువ వచ్చేది. మీటరు తప్పు తిరుగుతోందని ఫిర్యాదు రాసేవాడు. మేం వెళ్లి లైను పరీక్షించేవాళ్లం, ఎక్స్ఛేంజిలో మీటరు చూసేవాళ్లం. అన్నీ సరిగానే ఉండేవి.

అసలు సంగతి ఆ ఇంటి పిల్లాడికి తెలుసు. రిసీవర్ పెట్టే చోట ఉండే మీటలను వేలితో టకటకా కొడితే నంబరు పోతుంది. మూడు కావాలంటే మూడు సార్లు, సున్నా కావాలంటే పది సార్లు. డయల్ తిరిగిందా లేదా అన్నదాంతో ఎక్స్ఛేంజికి పని లేదు, లైను ఎన్నిసార్లు తెగి కలిసిందో లెక్కపెట్టుకుంటుంది, అంతే. మేం శిక్షణలో నేర్చుకున్న ఈ సంగతిని ఏడో తరగతి పిల్లలు ఎవరూ చెప్పకుండా కనిపెట్టారు. ఒకడికి తెలిస్తే వీధంతా పాకిపోయేది. తర్వాత ఎలక్ట్రానిక్ ఎక్స్ఛేంజిలు వచ్చి, నాలుగంకెల రహస్య సంఖ్యతో ఎస్టీడీకి తాళం వేసుకునే సదుపాయం వచ్చింది. చాలా ఇళ్లలో ఆ నాలుగంకెలు స్కూటర్ నంబరే అయ్యేవి. పిల్లలకు అది పట్టుకోవడానికి ఒక పూట చాలు.

ఇప్పటి ఫోన్లలో పిల్లల కోసం పెట్టిన కట్టుబాట్లనూ నేను అలాగే చూస్తాను. గూగుల్ ఫ్యామిలీ లింక్ పెట్టండి, ఐఫోన్ అయితే స్క్రీన్ టైమ్ పెట్టండి. పెట్టడం తప్పకుండా మేలు. పెట్టేశాం కదా అని నిద్రపోవద్దు. ఫోన్ తారీఖు వెనక్కి తిప్పడం, స్నేహితుడి హాట్‌స్పాట్ పట్టుకోవడం, రెండో ఖాతా తెరవడం పిల్లలకు మనకన్నా ముందే తెలుస్తాయి.

పాత ఫోన్‌కు వైరు ఉండేది, దాని మేలంతా ఆ వైరులోనే ఉంది. వైరు ముందు గదిలోకి వచ్చి ఆగేది. ఆడపిల్ల స్నేహితురాలితో మాట్లాడుతుంటే పక్కనే నాన్నమ్మ బియ్యం ఏరుకుంటూ ఉండేది. ఎదురింటి వాళ్ల నంబరు పక్కన 'పి.పి.' అని రాసుకుని వాళ్ల ఫోనే మన ఫోన్‌గా చెలామణీ చేసుకున్న ఇళ్లలో అయితే ఎదురింటి పిన్నిగారు కూడా వినేది. ఎవరూ పనిగట్టుకుని కాపలా కాయలేదు. నలుగురి మధ్య మాట్లాడేటప్పుడు మనిషి తనంతట తానే హద్దులో ఉంటాడు, మాట ముగించి లేస్తాడు.

స్మార్ట్‌ఫోన్‌కు ఆ వైరు లేదు కాబట్టి ఆ చోటును మనమే ఏర్పాటు చేసుకోవాలి. మా ఇంట్లో హాల్లో అలమారు పక్కన ఒక పలక బిగించి, చార్జర్లన్నీ అక్కడికే చేర్చాం. పడక గదుల్లో చార్జర్ లేదు. రాత్రి భోజనాలు కాగానే నా ఫోన్, మా ఆవిడది, అబ్బాయిది, కోడలిది అన్నీ ఆ పలక మీదికి చేరతాయి. మనవడూ మనవరాలూ ఫోన్‌లో ఏం చూడాలన్నా హాల్లో కూర్చునే చూస్తారు, చెవుల్లో ఏమీ పెట్టుకోరు. మొదట్లో ఇద్దరూ గొణిగారు. ఇప్పుడు వాళ్లు చూసేది నచ్చితే మేమూ వెళ్లి పక్కన కూర్చుంటాం.

3. పిల్లవాడికి నిజంగా కావలసింది ఏమిటో విడదీసి చూడండి.

"ట్యూషన్ నుంచి వస్తాడు, రోడ్డు దాటాలి, భయం కదా మావయ్యా" అంటారు. నిజమే, ఆ భయం నాకూ ఉంది. దానికి బటన్ల ఫోన్ చాలు. దాని చార్జింగు రోజుల తరబడి ఉంటుంది, పోయినా పెద్ద నష్టం లేదు, అందులో రీల్స్ రావు. రోడ్డు దాటేటప్పుడు పిల్లాడి తల వంచేది స్మార్ట్‌ఫోనే, భయపడవలసింది దానికే.

"హోంవర్కు వాట్సాప్‌లో వస్తోంది" అంటారు. అది బడితో మాట్లాడవలసిన విషయం. పిల్లలకు ఫోన్లు వద్దని ప్రార్థన సమయంలో చెప్పి, సాయంత్రం గ్రూపులో వర్క్‌షీటు పంపే బడులు ఉన్నాయి. తల్లిదండ్రుల సమావేశంలో నలుగురు లేచి, హోంవర్కు డైరీలో రాయించండి అని అడిగితే వింటారు. ఒక్కరే అడిగితే వినరు. ఆంధ్రప్రదేశ్ పాఠశాల విద్యాశాఖ 2023 ఆగస్టులో బడుల్లోకి పిల్లలు ఫోన్లు తేవడం నిషేధించింది. ఫ్రాన్స్ 2018లోనే బడుల్లో పిల్లల ఫోన్ వాడకాన్ని నిషేధించింది. బడి వాకిట్లో ఆగిన ఫోన్ బడి పనిగా ఇంటికి రాకూడదు.

"చదువుకోవడానికి పనికొస్తుంది" అనేవాళ్లకు ఒక లెక్క చెప్పాలి. 2025 జనవరిలో వచ్చిన అసర్ విద్యా సర్వే నివేదిక కోసం పల్లెల్లో 14 నుంచి 16 ఏళ్ల పిల్లలను అడిగారు. 82 శాతం మందికి స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చు. అంతకు ముందు వారంలో చదువుకు సంబంధించిన పని ఏదైనా దాంతో చేసినవాళ్లు 57 శాతం. సోషల్ మీడియా చూసినవాళ్లు 76 శాతం. అదే నివేదికలో, వాడటం వచ్చిన 14 ఏళ్ల పిల్లల్లో సొంత ఫోన్ ఉన్నవాళ్లు 27 శాతమే. "అందరికీ ఉంది, నాకే లేదు" అని మీవాడు ఏడిస్తే ఈ అంకె గుర్తుంచుకోండి. పల్లెల లెక్కే అయినా, 'అందరూ' అన్న మాట ఎంత తేలికగా వాడేస్తామో తెలుస్తుంది.

కొందరు పిల్లలకు ఫోన్ నిజంగానే అవసరం. వినబడని పిల్లలు సైగలతో వీడియోలో మాట్లాడుకోవడానికి, చక్కెర వ్యాధి ఉన్న పిల్లాడి ఒంటి మీది సెన్సార్ నుంచి అంకెలు చూసుకోవడానికి అది కావాలి. అలాంటి ఇంటికి ఈ నియమాలు వర్తించవు, వాళ్లను చూసి 'వాడికి ఉందిగా' అనకూడదని మన పిల్లలకు చెప్పడం మన పని.

4. 2020 మన రాష్ట్రానికి నేర్పింది మరిచిపోవద్దు.

అంతకు రెండేళ్ల ముందు, 2018లో, ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం సంచార్ క్రాంతి యోజన కింద పేదింటి ఆడవాళ్లకు, కళాశాల విద్యార్థులకు ఉచితంగా స్మార్ట్‌ఫోన్లు పంచింది. 50 లక్షల మంది దాకా చేరాలన్నది లక్ష్యం. ఆ డిసెంబరులో ప్రభుత్వం మారాక అది ఆగిపోయింది. బడి పిల్లలకు ఇచ్చినవి కావు, కానీ అమ్మ చేతికి వచ్చింది పిల్ల చేతికి రావడానికి ఎంతసేపు? మొదటిసారి టచ్ ఫోన్ ఇంటికొచ్చిన వీధులు ఇక్కడ చాలా ఉన్నాయి.

తర్వాత కరోనా. 2020 ఏప్రిల్‌లో 'పఢయీ తుంహర్ దువార్' అని ఆన్‌లైన్ చదువు మొదలుపెట్టారు. కొద్ది నెలల్లోనే ఫోన్ లేని పిల్లలు, సిగ్నల్ లేని ఊళ్లు లెక్కకు వచ్చాయి. అప్పుడు చెట్టు కిందో అరుగు మీదో పిల్లలను దూరదూరంగా కూర్చోబెట్టి 'పఢయీ తుంహర్ పారా' అని వాడలోనే పాఠాలు చెప్పారు. బస్తర్‌లో లౌడ్‌స్పీకర్ కట్టి చెప్పారు. కొన్ని చోట్ల బ్లూటూత్‌తో పాఠాలు ఒక ఫోన్ నుంచి ఇంకో ఫోన్‌కు ఎక్కించి, దానికి 'బుల్టూ కే బోల్' అని పేరు పెట్టుకున్నారు. ఊరికో నాలుగు ఫోన్లు ఉన్నా పాఠం అందరికీ చేరింది. చెప్పే మనిషి ఉంటే తలకొక ఫోన్ లేకున్నా చదువు సాగిందని ఆ ఏడాది ఈ రాష్ట్రంలో చేసి చూపించిన టీచర్లకు నేను చేతులెత్తి మొక్కుతాను.

కరోనా రెండేళ్లలో చదువు పేరుతో పిల్లల చేతికి ఇచ్చిన ఫోన్లను బడులు తెరిచాక వెనక్కి తీసుకోని ఇళ్లే నన్ను ఇప్పుడు సలహా అడుగుతున్నాయి. తీసుకోవచ్చు. ఇచ్చినప్పుడు కారణం చెప్పారు, ఆ కారణం తీరిపోయింది.

5. అన్నం ముద్దకు ఫోన్ అడ్డం పెట్టకండి.

రెండేళ్లలోపు పిల్లలకు తెర అసలు వద్దని, అయినవాళ్లతో అప్పుడప్పుడు వీడియోలో మాట్లాడించడం తప్ప, భారతీయ శిశువైద్యుల సంఘం మార్గదర్శకాలు చెబుతున్నాయి. అయిదేళ్ల దాకా పెద్దవాళ్లు పక్కన ఉండి రోజుకు గంట దాటకూడదు, పదేళ్ల దాకా రెండు గంటల లోపే. అయిదేళ్ల లోపు పిల్లల గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిందీ దాదాపు ఇదే. ముద్ద నోట్లోకి వెళ్లిందో లేదో తెలియకుండా తినే బిడ్డకు ఆకలి తీరిందో లేదో కూడా తెలియదు.

6. మన తెలుగు నిలవడానికి ఫోన్ సాయపడుతుంది, పక్కన మనం ఉంటేనే.

రాయ్‌పూర్‌లో పుట్టిన మన పిల్లలకు బడిలో హిందీ, ఇంగ్లీషు. ఆటల్లో ఛత్తీస్‌గఢీ. తెలుగు ఇంట్లో వినబడితే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. నా చిన్నప్పుడు తాతగారి గొంతు వినాలంటే పార్వతీపురం వెళ్లాల్సిందే. ఇప్పుడు మా మనవరాలు ప్రతి ఆదివారం బొబ్బిలిలో ఉన్న ముత్తవ్వతో వీడియోలో మాట్లాడుతుంది. ఆవిడ చిక్కుడుకాయ ఈనె తీస్తూ పొడుపుకథ వేస్తుంది, ఈ పిల్ల జవాబు తెలియక నన్ను చూస్తుంది, నేను చెప్పను. ఆ అరగంట బంగారం లాంటిది. దాన్ని ఎవరూ తగ్గించకండి.

అదే పిల్లను తెలుగు కార్టూను పెట్టి వదిలేసి చూశాం. మాటలు వినబడ్డాయి, నోటికి రాలేదు. బిడ్డ తప్పు మాట అంటే నవ్వి సరిదిద్దేవాళ్లు, అడిగిందానికి బదులు చెప్పేవాళ్లు ఎదురుగా ఉంటేనే భాష నోటికి ఎక్కుతుంది. రెండేళ్లు దాటినా మాటలు రాలేదని బెంగపడుతూ వచ్చే కుర్ర తల్లులకు నేను చెప్పేది, ముందు డాక్టరుకు చూపించండి, ఆ పైన రోజంతా మోగే ఆ ఫోన్ ఆపి మీరు మాట్లాడండి. తప్పుల తెలుగైనా ఫరవాలేదు, మాట్లాడండి.

7. డబ్బు ఉన్న ఫోన్ పిల్లలకు ఇవ్వకండి.

మన పొరుగున ఉన్న భిలాయ్ పేరు దేశమంతా వినబడింది ఉక్కు కర్మాగారం వల్ల. ఈమధ్య మహాదేవ్ బెట్టింగ్ యాప్ వల్ల కూడా వినబడింది. దాన్ని నడిపారన్న ఆరోపణ ఉన్నవాళ్లది భిలాయే. 2023 నవంబరులో కేంద్రం దాంతో సహా 22 బెట్టింగ్ యాప్‌లను, సైట్లను నిలిపివేసింది. డబ్బు ఇతరుల పేర్ల మీది బ్యాంకు ఖాతాల గుండా తిరిగిందని ఈడీ చెప్పింది. ఆ సంగతి బయటికి వచ్చాక మా కాలనీ కుర్రాళ్లందరినీ కూర్చోబెట్టి ఒకటే చెప్పాం: ఎవరు అడిగినా, ఎంత ఇస్తానన్నా, మీ ఖాతా గానీ సిమ్ గానీ ఒకరికి ఇవ్వకండి.

2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. చట్టం వచ్చింది కదా అని ఊరుకోలేం. పేరు మార్చుకుని, లింకు మార్చుకుని వస్తూనే ఉంటాయి. పందెం లేని ఆటల్లో కూడా తుపాకీ రంగు మార్చడానికి, బొమ్మకు చొక్కా తొడగడానికి డబ్బు అడుగుతారు. పిల్లలు వాడే ఫోన్‌లో యూపీఐ ఉండకూడదు, కార్డు వివరాలు ఉండకూడదు. పిన్ను పిల్లలతో కొట్టించే అలవాటు చాలా ఇళ్లలో ఉంది, "మాకు కళ్లు ఆనవు, నువ్వు కొట్టమ్మా" అని. తాతలం మనమే ఎక్కువగా చేస్తాం ఆ పని. కళ్లజోడు పెట్టుకుని మనమే కొడదాం.

8. ఎండ గురించి ఆలోచించకుండా ఫోన్ తీసేయడం కుదరదు.

సలహాలు ఇచ్చే పుస్తకాల్లో ఈ సంగతి ఉండదు. రాయ్‌పూర్‌లో ఏప్రిల్, మే నెలల్లో పిల్లలను పగలు బయటికి పంపలేం. నవతపా అని మే చివర వచ్చే ఆ తొమ్మిది రోజులు అయితే 45 డిగ్రీల దగ్గర రోడ్లే ఖాళీ అవుతాయి. బడి సెలవులు, మూసిన తలుపులు, కూలర్ హోరు, అమ్మానాన్నలు ఆఫీసులో. ఆ మధ్యాహ్నాల్లోనే ఫోన్ అలవాటు ముదిరేది. మా వీధిలో చూసిన ప్రతి ఇంటిలోనూ జూన్‌లో బడి తెరిచాక గొడవ మొదలైంది, ఏప్రిల్‌లో కాదు.

కాబట్టి ఫోన్ వద్దనే ముందు మధ్యాహ్నానికి ఏమైనా ఏర్పాటు చేయాలి. క్యారమ్‌బోర్డు, అష్టాచెమ్మా, వామనగుంటలు, కుట్టుపని, పాత రేడియో విప్పి చూసుకోవడం, ఏదైనా సరే. మా ఇంట్లో ఎండాకాలం మధ్యాహ్నం అంటే వీధిలోని పిల్లలంతా హాల్లో ఉంటారు. గోల భరించాలి, నిద్ర పోతుంది. ఒప్పుకున్నాం. పొద్దున్న ఎండ ముదరకముందు, సాయంత్రం వేడి తగ్గాక మాత్రం తప్పనిసరిగా బయటికి. తెలీబాంధా చెరువు గట్టు, బూఢా తలాబ్, కాలనీ మైదానం, ఎక్కడైనా పరవాలేదు.

దీనికి కళ్ల కారణం కూడా ఉంది. ఆరుబయట వెలుతురులో గడిపే పిల్లల్లో దగ్గరచూపు మొదలవడం తగ్గుతుందని పరిశోధనలు గట్టిగా చెబుతున్నాయి. తైవాన్ బడుల్లో పిల్లలను రోజుకు రెండు గంటలు బయట ఉంచాలన్న కార్యక్రమమే నడిపారు. హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ కూడా పిల్లల దగ్గరచూపు మీద పనిచేస్తోంది. 2050 నాటికి ప్రపంచంలో సగం మందికి దగ్గరచూపు ఉంటుందని 2016లో వేసిన అంచనా చదివాక, మా వీధి పిల్లల్లో కళ్లజోళ్లు ఎన్ని పెరిగాయో చూసి నాకు ఆశ్చర్యం కలగలేదు.

ఈ నేలకు తనవైన ఆటలు చాలా ఉన్నాయి. హరేలీ పండుగకు పిల్లలు గేడీ ఎక్కి, అంటే వెదురు కర్రల మీద నిలబడి, నడవడం మన పిల్లలకూ సరదాయే. 2022 అక్టోబరులో ప్రభుత్వం ఛత్తీస్‌గఢియా ఒలింపిక్స్ అని గిల్లీడండా, పిట్టుల్, గోళీలు లాంటి 14 ఆటలకు పోటీలు పెట్టినప్పుడు వాడవాడలా చిన్నా పెద్దా మైదానంలోకి దిగారు. మన బిళ్లంగోడే వాళ్ల గిల్లీడండా, మన ఏడుపెంకులాటే వాళ్ల పిట్టుల్. పరాయి ఆటలు నేర్పించాల్సిన అవసరం కూడా లేదు.

9. ఒక్క ఇల్లు నిలబడలేదు, పది ఇళ్లు నిలబడగలవు.

పిల్లల ఏడుపు ఫోన్ కోసం అనుకుంటాం. చాలాసార్లు అది స్నేహితుల కోసం. గ్రూపులో రాత్రి ఏదో మాట్లాడుకుంటారు, పొద్దున్న బడిలో దాన్నే తలచుకుని నవ్వుకుంటారు, తెలియని పిల్ల పక్కన నిలబడుతుంది. ఆ బాధ చిన్నది కాదు. దాన్ని కొట్టిపారేసే తల్లిదండ్రుల మీద నాకు కోపం వస్తుంది. అమెరికాలో జొనాథన్ హైట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2024లో రాసిన పుస్తకంలో, పద్నాలుగేళ్ల దాకా స్మార్ట్‌ఫోన్, పదహారేళ్ల దాకా సోషల్ మీడియా వద్దంటూ, తల్లిదండ్రులు కలిసికట్టుగా పట్టుబడితేనే ఇది సాధ్యం అన్నాడు. మన దేశపు ఆర్థిక సర్వే కూడా ఆయన పుస్తకాన్ని ప్రస్తావించింది. ఆస్ట్రేలియా 2025 డిసెంబరు 10 నుంచి 16 ఏళ్ల లోపువాళ్లకు సోషల్ మీడియా ఖాతాలే లేకుండా చేసింది. అందరికీ ఒకేసారి లేకపోతే ఎవరూ వెలి కారు, అందులోని మంచి అదే.

దానికి మనం ప్రభుత్వం కోసం ఎదురు చూడనక్కర్లేదు. మహారాష్ట్రలో సాంగ్లీ జిల్లా మోహిత్యాంచే వడ్గావ్ అనే పల్లె 2022లో ఊరంతా కూర్చుని ఒక మాట అనుకుంది. రోజూ సాయంత్రం ఏడింటికి గుడి మీది సైరన్ మోగుతుంది, గంటన్నర సేపు టీవీలు, ఫోన్లు ఆపేస్తారు, పిల్లలు చదువుకుంటారు. పేపర్లో చదివి దాచుకున్నాను. మా వరసలో ఇళ్లవాళ్లం కూడా ఒప్పందం చేసుకున్నాం, ఎనిమిదో తరగతి దాకా ఎవరూ పిల్లలకు సొంత ఫోన్ కొనకూడదని. నేను పది అన్నాను, వాళ్లు ఎనిమిది అన్నారు, ఎనిమిదికి ఒప్పుకున్నాను. ఒరియా వాళ్లు, మరాఠీ వాళ్లు, ఛత్తీస్‌గఢీ వాళ్లు, మనవాళ్లు అందరూ ఉన్నారందులో. ఒక ఇల్లు తప్పుకుంది. వాళ్లతో మాటలు మానలేదు, వాళ్ల పిల్లాడు మా హాల్లోకే ఆటకు వస్తాడు.

10. కొడుక్కి ఒక రూలు, కూతురికి ఒక రూలు పెట్టకండి.

అసర్ లెక్కల్లో సొంత ఫోన్ ఉన్న పిల్లల్లో మగపిల్లలే ఎక్కువ. మన ఇళ్లలోనూ అంతే. అన్నయ్యకు తొమ్మిదిలో కొనిస్తారు, చెల్లికి "ఆడపిల్లకు ఎందుకు" అంటారు. ఫోన్ చెడ్డదైతే ఇద్దరికీ చెడ్డదే. భయం పేరు చెప్పి ఆడపిల్లకు మాత్రం ఆపితే, రేపు ఆ పిల్ల కాలేజీకి వెళ్లి మొదటిసారి ఫోన్ పట్టుకున్నప్పుడు మోసగాడి లింకు ఏదో బ్యాంకు లింకు ఏదో తెలియక నిలబడుతుంది. నేను మనవడికీ మనవరాలికీ ఒకే రోజు, ఒకే ఫోన్ మీద, ఓటీపీ అంటే ఏమిటో నేర్పాను. మనవరాలే ముందు పట్టుకుంది.

11. పెద్దవాళ్లు బల్ల దగ్గర ఫోన్ చూస్తుంటే పిల్లలకు ఏం చెప్పినా చెవికెక్కదు. దీనికి ఇంకో మాట అక్కర్లేదు.

12. పదో తరగతి అయ్యాక ఇచ్చే ఫోన్‌ను బహుమతిగా ఇవ్వకండి.

మార్కులకు బహుమానంగా మెరిసే కొత్త ఫోన్ ఇస్తే అది వాడి సొత్తు అయిపోతుంది, ఆ తర్వాత మీరు అడిగేదంతా దౌర్జన్యంగా కనిపిస్తుంది. ఇంట్లో ఎవరో వాడి పక్కన పెట్టింది ఇవ్వండి. నంబరు మీ పేరు మీదే ఉందని, రాత్రి అది కూడా హాల్లోకే రావాలని ముందే చెప్పండి. మొదట కాల్స్, మెసేజీలు, మ్యాపు, చదువుకు కావలసినవి. సోషల్ మీడియా కొన్ని నెలలు ఆగి, ఒక్కొక్కటిగా. ఏం పెట్టుకున్నా మీకు చెప్పి పెట్టుకోవాలి, మీరు అడగకుండా వాళ్ల సందేశాలు చదవకూడదు. ఈ రెండోది కూడా రూలే, మనం పాటించాల్సింది.

13. పిల్లలు చెప్పుకోవడానికి వచ్చినప్పుడు ఫోన్ లాక్కోకండి.

ఇంటి ఫోనే అయినా, హాల్లోనే చూసినా, ఏదో ఒక రోజు చూడకూడనిది కనిపిస్తుంది. ఎవరో తెలియనివాడు పలకరిస్తాడు. ఫొటో పంపమంటాడు. పంపాక బెదిరిస్తాడు. ఆ పిల్ల వచ్చి మీతో చెప్పిందంటే మీ పెంపకం గెలిచినట్టే. ఆ క్షణంలో మన చెయ్యి ఫోన్ మీదికి పోతుంది, నోట్లోంచి "ముందే చెప్పానా" అని వస్తుంది. రెండూ ఆపుకోండి. లాక్కుంటే ఇంకోసారి చెప్పదు. చెప్పని పిల్లను కాపాడటం ఏ చట్టానికీ సాధ్యం కాదు.

ఏమీ చెరిపేయకండి. స్క్రీన్‌షాట్లు తీసి ఉంచండి, ఆ నంబరును ఆ తర్వాత బ్లాక్ చేయండి. బెదిరించినవాడికి రూపాయి పంపకండి, ఒకసారి పంపితే మళ్లీ మళ్లీ అడుగుతాడు. పిల్లలను లైంగికంగా వేధించడం 2012 నాటి పోక్సో చట్టం కింద నేరం. పరువు పోతుందని దాచడం వాడికే మేలు చేస్తుంది. పిల్లల ఆపదకు 1098 ఉంది. ఆన్‌లైన్ మోసంలో డబ్బు పోతే 1930కి వెంటనే చేయాలి, ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. పిల్ల ముభావంగా ఉండి నిద్ర పోకపోతే, ఫోన్ లేకుండా ఉండలేక గోడకు తల కొట్టుకునే దాకా వెళితే, 14416 టెలీ మానస్‌కు చేయండి, డబ్బు అక్కర్లేదు, మన భాషల్లో మాట్లాడతారు. ఈ మూడు నంబర్లనూ కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి, మా ఇంట్లో చార్జర్ల పలక పైన, చిన్నదానికి అందే ఎత్తులో అంటించాను.